మూతి తిప్పిన పూట

పిచ్చుక నిలబడింది. హమ్మయ్య అనుకునేలోపే కళ్లు తేలేసింది.

నడుముకు కట్టిన బెల్టు ఫిజియో చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది. ఆయన భారీ మనిషి. ఆమెను పసిపిల్లలా మంచం మీదికి ఒరిగించి, "కాళ్ల కింద ఎత్తు పెట్టండి," అన్నాడు. అక్క దిండ్లు లాక్కొచ్చింది. ఆమె మరిది, పిచ్చుక భర్త, మాత్రం గుమ్మం దగ్గరే టీ గ్లాసు పట్టుకుని కొయ్యబారిపోయాడు.

"నిన్నా ఇంతే, మొన్నా ఇంతే," అన్నాడు చివరికి. "ఈ నిలబెట్టడాలు ఆపెయ్యండి సార్."

"ఆపేస్తే కాలు బిగుసుకుపోతుంది. ఆ భుజం చూడండి, ఇప్పటికే జారుతోంది. చెయ్యి వేలాడేసి ఉంచొద్దని చెప్పానా లేదా?"

"పడి ఎముక విరిగితే?"

"నేను పట్టుకునే ఉన్నానుగా."

"మీరు వెళ్లిపోయాక ఎవరు పట్టుకుంటారు?" అని మరిది అక్కవైపు చూశాడు.

ఆ చూపులో ఏమీ లేకపోవచ్చు. అయినా అక్కకు ఒళ్లు చురుక్కుమంది. పక్షవాతంతో పడిపోయిన చెల్లెల్ని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే తన ఇంటికి తాళం వేసి వచ్చి ఇక్కడే ఉంటోంది. అన్నం పెట్టడం, ఒళ్లు తుడవడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, అన్నీ తనే. మరిది లిఫ్టులు బాగుచేసే పనిలో ఏ వేళప్పుడు పిలుపొస్తే ఆ వేళకు పరుగెత్తాలి. ఇన్నాళ్లూ "మీరు లేకపోతే ఏమైపోయేవాళ్లం వదినా," అన్న మనిషే. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె ఏదో పని కల్పించుకుని లేచిపోయేది.

ఫిజియో రక్తపోటు చూసే పట్టీ తీసి పిచ్చుక మంచి చేతికి చుట్టాడు. చూసి మొహం చిట్లించాడు.

"ఇంత తక్కువుంటే నేనైనా పడతాను. నేను పడితే మీ నేల మళ్లీ వేయించుకోవాలి. మాత్రలేమైనా మార్చారా?"

"ఆసుపత్రిలో రక్తపోటుకు రెండో మాత్ర కలిపారు," అన్నాడు మరిది, టీలోకి చూస్తూ. "మాత్ర వేసుకుంటూ ఉండగానే పక్షవాతం వచ్చింది కదా. ఒకటి చాల్లేదన్నారు."

అక్క చప్పున తలెత్తింది. మరిది తలెత్తలేదు.

"కాదు," అంది మంచం మీద పిచ్చుక.

ఫిజియో నవ్వాడు. "లేచారా అమ్మా? కాదంటే కాదే. రేపు మళ్లీ నిలబడదాం."

ఆ మాటకెవరూ ఆశ్చర్యపోలేదు. పిచ్చుకకు మిగిలింది ఆ ఒక్క మాటే. దాహం వేసినా కాదు, చాలన్నా కాదు, నవ్వొచ్చినా కాదు కాదు. కుట్టు మిషన్ చప్పుడుకు పోటీగా పొద్దస్తమానం కబుర్లు చెబుతుందని చిన్నప్పుడు పెట్టిన పిచ్చుక అన్న ముద్దుపేరు పెళ్లయ్యాక కూడా పోలేదు. అలాంటి నోట్లో ఇప్పుడు రెండక్షరాలు. మాటలు నేర్పడానికి వచ్చే అమ్మాయి మొదటిరోజే చెప్పింది: "ఆవిడకి అన్నీ అర్థమవుతాయి. చెప్పాలనుకున్నది మాత్రం నోటిదాకా వచ్చేసరికి ఇదైపోతుంది."

అన్నీ అర్థమవుతాయి. అక్క ఆ మాట విన్నప్పటి నుంచి చెల్లెలి కళ్లలోకి సూటిగా చూడలేదు.

* * *

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ వచ్చింది. వైద్యం చేసిన బృందంలోని మనిషే, చిన్న వయసు. ఇంటింటికీ తిరిగి ఏదో పరిశోధన చేస్తోందట. వస్తూనే చెప్పులు విప్పి, కుర్చీ వద్దని, పిచ్చుక మంచం పట్టె మీదే కూర్చుంది.

"స్ట్రోక్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు దేన్ని చూసి ఏమనుకున్నారో తెలుసుకుంటున్నాం," అంది. "ఒకాయన తూలుతుంటే తాగొచ్చాడని భార్య బయట కూర్చోబెట్టింది. ఒకావిడ మాట తడబడితే నిద్రమత్తనుకున్నారు. ఎవరినీ తప్పుపట్టడానికి కాదండీ. ఏం పొరబడుతున్నారో తెలిస్తే, నలుగురికీ ఎలా చెప్పాలో తెలుస్తుంది."

"అలాగే," అన్నాడు మరిది.

"ఆ రోజు దగ్గరున్నది మీరేగా?" డాక్టరమ్మ అక్కవైపు తిరిగింది. "మొదట ఏం చూశారు?"

అక్క చీర చెంగు సరిచేసుకుంది. ఆసుపత్రిలో చెప్పిందే మళ్లీ చెప్పింది. ఇద్దరూ కుట్టుకొట్లో ఉన్నారు. భోజనానికి లేస్తుంటే పిచ్చుక స్టూలు మీంచి ఒరిగిపోయింది. వెంటనే ఆటో పిలిచింది.

"అంతకుముందు బాగానే ఉందా? పొద్దున?"

"బాగానే ఉంది."

"కాదు," అంది పిచ్చుక.

డాక్టరమ్మ ఆమె వైపు చూసింది. మరిది కల్పించుకున్నాడు. "అన్నిటికీ అదే అంటుందండీ."

"తెలుసు." డాక్టరమ్మ చిరునవ్వు నవ్వి అతన్నే అడిగింది. "రక్తపోటు మాత్రలు సరిగ్గానే వేసుకునేవారా?"

"రోజూ వేసుకునేది. నేనే గుర్తుచేసేవాణ్ణి."

"కాదు," అంది పిచ్చుక మళ్లీ. ఈసారి మంచి చెయ్యి పైకి లేచి దుప్పటి మీద పడింది.

అక్క మరిది మొహం చూసింది. మరిది అక్క మొహం చూశాడు. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

డాక్టరమ్మకు ఏమర్థమైందో తెలియదు. లేస్తూ, పిచ్చుక చెయ్యి పట్టుకుని, "మిమ్మల్ని కూడా అడుగుతానండీ," అంది. "మాట రాకపోతేనేం? బొమ్మలు తెస్తాను. పొద్దు పొడిచే బొమ్మ, నడినెత్తిన సూర్యుడు, గడియారం. వేలు పెట్టి చూపించండి, చాలు."

పిచ్చుక ఆమె చెయ్యి వదల్లేదు. బలవంతాన విడిపించుకోవలసి వచ్చింది.

* * *

డాక్టరమ్మ వెళ్లగానే మరిది చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికి?" అంది అక్క.

"పనుంది."

"మాత్రల సంగతి అలా చెప్పావేంటి బాబూ?"

అతను వంగినవాడు వంగినట్టే ఆగాడు. "ఎలా చెప్పాను?"

"రోజూ వేసుకునేదని."

"వేసుకోలేదని మీరు చూశారా?"

అక్క చూడలేదు. కానీ విన్నది. వేసవిలో ఒకరోజు పిచ్చుక బాబిన్‌కు దారం చుట్టుకుంటూ నవ్వుతూ చెప్పింది. "మా ఇంట్లో పెద్ద డాక్టరున్నాడక్కా. తలనొప్పి తగ్గింది కదా, ఇంకా ఆ మాత్రలెందుకు, ఒంట్లో వేడి తప్ప అన్నాడు. మానేశాను, హాయిగా ఉంది." అప్పుడు తనేమంది? "మంచిపని చేశావు. ఈ వయసులో మొదలుపెడితే చచ్చేదాకా మింగాలి," అంది. ఆ మాట అన్న నోరు ఇదే.

"మానేశానని అదే నాతో చెప్పింది," అంది ఇప్పుడు మెల్లిగా.

మరిది తలెత్తాడు. మొహంలో రంగు లేదు. "అయితే డాక్టరమ్మ ముందే అనాల్సింది. నేనేగా చంపబోయింది."

"నేనా మాట అన్నానా?"

"అనక్కర్లేదు వదినా. మీరు దీనికింత చేస్తుంటే, నేను..." చెప్పు పట్టీ లాగి బిగించాడు. "మీకేం? మీరు ప్రాణం మీదికి రాకుండా తీసుకెళ్లారు. నేను ఆ మాత్రం కూడా చెయ్యలేదు."

తలుపు చప్పుడు లేకుండా దగ్గరకు వేసి వెళ్లాడు. విసిరికొట్టినా ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు.

అక్క వంటింట్లోకి వెళ్లి గంజి చిక్కగా కాచింది. పల్చటిదేదైనా పిచ్చుక గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారిపోతుందని ఆసుపత్రిలో భయపెట్టారు. మంచాన్ని ఎత్తి, గడ్డం కిందికి వంచి, చెంచాతో ఒక్కో గుక్కా పట్టింది. మింగిందో లేదో గొంతు తడిమి చూసుకుంటూ పెట్టింది. కుడివైపు మూతి చివర నుంచి గంజి చారలా కారింది. తుడిచింది. మళ్లీ కారింది.

ఆ మూతినే చూస్తూ ఉండిపోయింది.

పిచ్చుక పడిపోయిన రోజుకు ముందురోజు కొట్లో ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. స్కూలు చొక్కాలకు కాలర్లు తిరగేసి కుట్టింది పిచ్చుక. వరసగా అన్నీ అలాగే. చొక్కాలు తీసుకుపోవడానికి వచ్చిన స్కూలు ఆయా ఎదురుగానే నిలబడి ఉంది. "చెయ్యి మొద్దుబారినట్టుందక్కా, కత్తెర పట్టు దొరకట్లేదు," అంది పిచ్చుక. "పని మీద ధ్యాస లేకపోతే చెయ్యి మీదికి తొయ్యి," అంది అక్క, ఆయా కూడా నవ్వేంత గట్టిగా. కాసేపటికి ఆ తిమ్మిరి దానంతటదే తగ్గిపోయింది. దాంతో అక్క మాటే నిజమైనట్టయింది. పిచ్చుక మొహం చిన్నబుచ్చుకుని సాయంత్రం చెప్పకుండా వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున వచ్చి పలకరించకుండా మిషన్ ముందు కూర్చుంది. అలిగిందనుకుంది అక్క. సుద్దముక్క ఇలా అందుకోవే అంటే పలకలేదు. కత్తెర కింద పడింది. విసిరిందనుకుంది. అప్పుడు పిచ్చుక తలతిప్పి తనవైపు చూసింది. మూతి ఒకపక్కకు వంకరగా పోయి ఉంది.

మూతి తిప్పుతోందనుకుంది.

"తిప్పు తిప్పు. ఎంతసేపు తిప్పుతావో నేనూ చూస్తా," అని వీపు తిప్పుకుని మిషన్ తొక్కింది. భోజనాల వేళదాకా తొక్కింది. వెనకాల చెల్లెలు ఏదో గొణిగినట్టు ఒకటి రెండుసార్లు వినిపించింది. తిట్టుకుంటోందనుకుని ఇంకా జోరుగా తొక్కింది. స్టూలు పడిన చప్పుడుకు గానీ వెనక్కి తిరగలేదు.

ఆసుపత్రిలో "ఎప్పుడు మొదలైంది?" అని అడిగారు. నలుగురు డాక్టర్లు, పక్కన పరుగున వచ్చిన మరిది. పొద్దున చూసి కూడా ఊరుకున్నానని ఏ నోటితో చెబుతుంది? "ఇప్పుడే," అంది. "మంచిపని చేశారు, వేళ మించలేదు," అని గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లారేసరికి మెదడులో రక్తస్రావమైంది. ఆ మందుతో కొందరికి అలా అవుతుందని చెప్పారు. ఆలస్యంగా ఇస్తే ఎక్కువమందికి అవుతుందన్న సంగతి తర్వాత ఎవరో వరండాలో మాట్లాడుకుంటుంటే విన్నది.

"పిచ్చుకా," అంది ఇప్పుడు, గిన్నె పక్కన పెట్టి. "నీకు గుర్తుందా ఆ పొద్దున?"

పిచ్చుక కన్నార్పకుండా చూసింది.

"నువ్వు నన్ను పిలిచావు కదూ?"

పిచ్చుక నోరు తెరిచింది. పెదవులు ఏదో ఆకారం కోసం వెతుక్కున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. "కా..." అని ఆగిపోయింది. ఆ మాట వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అదే వచ్చింది. ఎడమచేత్తో దుప్పటి పిండేస్తూ ఏడ్చింది.

అక్క ఆమె తల పొట్టకు ఆనించుకుంది. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. అవునని చెప్పాలన్నా దీని నోట్లో ఆ మాట లేదు.

* * *

పొద్దున మరిది ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి ఎప్పుడొచ్చాడో, ఎర్రబడ్డ కళ్లతో పిచ్చుకకు జడ వేయబోయి చిక్కుపెట్టి పెట్టాడు.

"కూరగాయలు తెస్తాను. ఈలోపు గంజి పట్టు బాబూ. మాత్రలు అది తిన్నాక వెయ్యి," అంది అక్క.

అతను తలూపాడు. అక్క సంచి తీసుకుని తిన్నగా ఆసుపత్రికి నడిచింది.

డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద చాలామందే ఉన్నారు. తన వంతు వచ్చేసరికి, దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. సంచి ఒళ్లో పెట్టుకుని, "నేను అబద్ధం చెప్పాను," అంది. ఆపైన ఆగకుండా అంతా చెప్పింది. మొద్దుబారిన చెయ్యి, స్కూలు ఆయా నవ్వు, కత్తెర, మూతి, మిషన్ చప్పుడు.

డాక్టరమ్మ రాసుకోవడం మానేసి వింది.

"పొద్దుటి నుంచని తెలిస్తే ఆ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లం కాదేమో," అంది చివరికి.

"ఇవ్వకపోతే దాని మాట దానికి ఉండేదా?"

"చెప్పలేనండీ. ఇవ్వకపోయినా మాట పోయి ఉండొచ్చు. వేళకు ఇచ్చినా రక్తస్రావం అయినవాళ్లున్నారు."

"మీరు తిడతారని వచ్చాను."

"తిడితే మీకు తేలికవుతుందా?"

నిజానికి అవుతుందనే వచ్చింది అక్క.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరిపింది. "ఇప్పుడావిడ ఎలా ఉంది, అది చెప్పండి."

"నిలబడితే కళ్లు తిరిగి పడిపోతోంది. రక్తపోటు మరీ తక్కువుందని ఫిజియో అన్నాడు."

"ఎన్నాళ్లనుంచి?"

"ఇంటికొచ్చినప్పటి నుంచీ కొంచెం కొంచెం. ఇప్పుడు రోజూ."

"నిన్న నాకెందుకు చెప్పలేదు?" అంది డాక్టరమ్మ. ఆ గొంతులో మొదటిసారి కరుకుదనం వినిపించింది. "ఒక మాత్ర వేసుకుంటూ ఉండగా స్ట్రోక్ వచ్చిందన్నారు కాబట్టే రెండోది కలిపాం. మొదటిదాన్ని పెంచింది కూడా అందుకే. ఆవిడ నిజంగా వేసుకునేదా?"

అక్క సంచి చెవులు మెలిపెట్టింది. తన తప్పు చెప్పుకోవడానికి వచ్చింది. అతని తప్పు అతనిది. దాన్ని కూడా తనే విప్పితే, నాతోపాటు ఇంకొకడున్నాడని చూపించుకున్నట్టే కదా. చెప్పకపోతే పిచ్చుక రేపు మళ్లీ పడుతుంది.

"ఒక్క నిమిషం," అని ఫోను తీసింది.

మరిది వెంటనే ఎత్తాడు. "కూరగాయలు దొరకలేదా వదినా?"

"డాక్టరమ్మ దగ్గరున్నాను బాబూ. ఆ రోజు సంగతి చెప్పేశాను. భోజనాలప్పుడు కాదు. పొద్దునే దాని మూతి వంకరపోయింది. నేను చూశాను. చూసి అలకనుకుని వీపు తిప్పుకు కూర్చున్నాను."

అక్క ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఇప్పుడు మాత్రల సంగతి అడుగుతున్నారు. నువ్వు చెబుతావా? నన్ను చెప్పమంటావా?"

"పొద్దునే చూశారా?" అన్నాడతను. అడిగిందేదీ అతనికి వినిపించినట్టు లేదు. "పొద్దుటి నుంచీ అలాగే ఉంచేశారా?"

"ఉంచేశాను."

"ఇన్నాళ్లూ నా ఇంట్లో నా ఎదురుగా కూర్చుని..." కుర్చీ జరిగిన చప్పుడైంది. "మీరింక మా ఇంటికి రాకండి వదినా."

ఫోను ఆగిపోయింది. అక్క డాక్టరమ్మ వైపు తిరిగింది.

"వేసుకోలేదు," అంది అక్క. "తలనొప్పి తగ్గాక మానేసింది. అతను మానెయ్యమన్నాడు. నేను మంచిపని అన్నాను."

డాక్టరమ్మ వెంటనే ఫోను అందుకుంది. "రెండోది ఆపెయ్యాలి. మొదటిది ఒక్కటే, అదీ తగ్గించి. ఈ పూట వేశారా?"

"గంజి తిన్నాక వేస్తాడు."

మరిది ఎత్తలేదు. మళ్లీ చేశారు. మూడోసారికి ఫోను ఆపేసి ఉంది.

"మీరు వెళ్లండి," అంది డాక్టరమ్మ కాగితం మీద గబగబా రాసిస్తూ. "వేసేసి ఉంటే మాత్రం లేపకండి, పడుకోబెట్టే ఉంచండి. సాయంత్రం నేనే వచ్చి చూస్తాను."

అక్క ఆటో కోసం చూడలేదు. ఎదురొచ్చేవాళ్లను తప్పుకోమంటూ సగం నడిచి సగం పరుగెత్తింది. రావద్దన్న ఇంటికి ఇలా పోవడమేమిటని ఒకసారి కాళ్లు తడబడ్డాయి. మెట్ల దగ్గర ఊపిరందక గోడకు ఆనుకుంది. మళ్లీ ఎక్కింది.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

తట్టింది. పలుకు లేదు. లోపల మనిషి ఉన్నట్టు మాత్రం తెలుస్తోంది. అడుగులు తలుపుదాకా వచ్చి ఆగాయి.

"బాబూ," అంది తలుపుకు నోరు ఆనించి. "నన్ను రానివ్వకపోయినా సరే. ఆ రెండో మాత్ర మాత్రం దానికి వెయ్యొద్దు. దానివల్లే పడిపోతోందట. డాక్టరమ్మ ఆపమంది. మానేసిన సంగతి నేనే చెప్పాను. నువ్వు సరేననకుండానే చెప్పానని కోపం తెచ్చుకో, నన్ను తిట్టు, ఏమైనా చెయ్యి. మాత్ర మాత్రం వెయ్యొద్దు."

పక్కవాటా తలుపు తెరుచుకుని ఎవరో తొంగిచూసి మళ్లీ వేసుకున్నారు.

"వేశావా?" అంది అక్క. ఆ మాట ఆమెకే వినిపించలేదు.

"చేతిలోనే ఉంది," అన్నాడతను తలుపు వెనకనుంచి. ఏడుస్తున్నాడో ఏమో, మాట తడితడిగా ఉంది. "పొద్దుటి నుంచీ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. వెయ్యాలంటే భయమేసింది."

గడియ తీసిన చప్పుడైంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. తోసుకుని వెళ్లవచ్చో లేదో తెలియక, అక్క అరచెయ్యి చెక్క మీద పెట్టి అలాగే నిలబడింది.